గేమ్ మధ్యలో రీస్టార్ట్: అనంతపురంలో ఎక్కణ్ణుంచి వెతకాలి?

"రోజంతా బ్రౌజింగ్ చేసుకున్నా ఏం కాదన్నా, గేమ్ పెడితే మాత్రం పది నిమిషాలకే రీస్టార్ట్ అయితాంది." అనంతపురంలో కంప్యూటర్లు బాగుచేసే వాళ్లకు బాగా అలవాటైన ఫిర్యాదు ఇది. తయారుగా ఉన్న జవాబులకూ కొదవ లేదు, కానీ ఒకరి జవాబు ఇంకొకరికి పొసగదు. షాపతను ఫార్మాట్ కొట్టాలంటాడు. యూట్యూబ్ చూసిన తమ్ముడు ప్రాసెసర్‌కు పేస్ట్ మార్చమంటాడు. గేమింగ్‌లో ఆరితేరిన స్నేహితుడు ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్ లోపలి పవర్ సప్లై డబ్బా) చాలట్లేదంటాడు. ఎలక్ట్రీషియన్‌ను పిలిస్తే ఆయన కంప్యూటర్ వైపే చూడడు, "మీ ఇంటికి సరైన ఎర్తింగే లేదు కదప్పా" అంటాడు.

అందరూ కొంతకొంత నిజమే చెబుతున్నారు. అయితే ఇంటర్నెట్‌లో దొరికే సలహాల్లో చాలావాటి వెనక పైకి చెప్పని ఒక ఊహ ఉంది. గోడ ప్లగ్గులో కరెంటు నిలకడగా ఉంటుందని, గది చల్లగా ఉంటుందని, గాల్లో దుమ్ము ఉండదని. డల్లాస్‌లో ఉన్న మేనమామ ఫోన్లో చెప్పే సలహాకూ పునాది ఇదే. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే ఈ వర్షచ్ఛాయ పీఠభూమిలో ఆ ఊహలు మూడూ నిలవవు. కాబట్టి ఇక్కడ అనుమానితుల వరుసే వేరుగా ఉండాలి. ముందు విండోస్ రాసిపెట్టిన చిట్టా చూడాలి, తర్వాత గోడను, ఆ తర్వాతే క్యాబినెట్ మూత విప్పాలి. చుట్టూ జరుగుతున్నది దీనికి సరిగ్గా తలకిందులు.

అసలు గేమ్‌లోనే ఎందుకు? బ్రౌజర్ తెరిచి పెట్టిన డెస్క్‌టాప్ 60, 80 వాట్లతో సరిపెట్టుకుంటుంది. మంచి గ్రాఫిక్స్ కార్డున్న అదే డెస్క్‌టాప్ పెద్ద గేమ్ నడిపేటప్పుడు 300, 400 వాట్లు లాగుతుంది. అదీ ఒకే తీరుగా కాదు, తెర మీద దృశ్యం మారిన ప్రతిసారీ ఎగిరిపడుతూ లాగుతుంది. గోడ నుంచి చిప్పు దాకా ఉన్న దారిలో ఏ ముక్క బలహీనంగా ఉన్నా ఆ ఒత్తిడికి బయటపడుతుంది. గేమ్‌దే తప్పయిన సందర్భాలూ లేకపోలేదు. 2010లో స్టార్‌క్రాఫ్ట్ 2 వచ్చినప్పుడు మెనూ తెరల్లో ఫ్రేముల వేగానికి అడ్డు లేకపోవడంతో కార్డులు వేడెక్కిపోయాయి, ఫ్రేములకు పరిమితి పెట్టుకొమ్మని కంపెనీయే చెప్పాల్సి వచ్చింది. 2021 జులైలో న్యూ వరల్డ్ బీటా ఆడుతుండగా కొన్ని ఆర్‌టీఎక్స్ 3090 కార్డులు ఏకంగా చచ్చిపోయాయి. తర్వాత తేలిందేమంటే లోపం ఆ కార్డుల టంకంలో ఉంది, గేమ్ దాన్ని బయటికి లాగింది.

ముందుగా ఫార్మాట్ వాదం. మన దగ్గర అన్ని రోగాలకూ ఇదే మందు. ఫార్మాట్ కొట్టాక నాలుగు రోజులు బాగానే ఉన్నట్టు కనిపించడానికి ఒక కారణం, ఆ నాలుగు రోజులూ గేమ్ మళ్లీ డౌన్‌లోడ్ అవుతూ ఉండటమే! పాడైన డ్రైవర్ వల్ల రీస్టార్ట్ కావడం నిజంగానే ఉంది. కానీ అలాంటిదైతే విండోస్ ఊరికే పోదు, ఆనవాలు వదిలి వెళ్తుంది. నీలం తెర (కొత్త విండోస్ 11లో నల్ల తెర) వస్తుంది. అది మీ కంట పడకపోతే దానికి కారణం విండోస్‌లో ముందే పెట్టి ఉన్న ఒక టిక్కు. సిస్టమ్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్, దాంట్లో స్టార్టప్ అండ్ రికవరీ తెరిస్తే 'ఆటోమేటికల్లీ రీస్టార్ట్' అని ఉంటుంది. ఆ టిక్కు తీసేస్తే నీలం తెర కదలకుండా నిలబడి కారణం చెబుతుంది. పైసా ఖర్చు లేని ఈ పని చెయ్యకుండా ఫార్మాట్‌కు డబ్బు తీసుకోవడం నా దృష్టిలో వైద్యం కాదు.

చిట్టా సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే దాన్ని చూసేవాళ్లు కూడా చాలామంది తప్పుగా చదువుతారు. స్టార్ట్ బటన్ మీద కుడి క్లిక్ చేస్తే ఈవెంట్ వ్యూయర్ కనిపిస్తుంది. దాంట్లో విండోస్ లాగ్స్, అక్కడ సిస్టమ్. కంప్యూటర్ ఆగిపోయిన వేళకు దగ్గర్లో ఎర్ర గుర్తుతో 'కెర్నల్-పవర్ 41' అని ఉంటుంది. పవర్ అన్న మాట చూడగానే ఎస్‌ఎంపీఎస్ పోయిందని తీర్పు చెప్పేస్తారు. 41 అలా చెప్పదు. గతసారి నేను సరిగ్గా షట్‌డౌన్ కాలేదు అని, తిరిగి లేచాక విండోస్ రాసుకున్న మాట మాత్రమే అది. అసలు విషయం దాని డీటెయిల్స్ పేజీలో 'బగ్‌చెక్‌కోడ్' అన్న వరుసలో ఉంటుంది. అక్కడ 278 ఉంటే డిస్‌ప్లే డ్రైవర్ గానీ కార్డు గానీ జవాబివ్వడం మానేసిందని అర్థం. 26 ఉంటే మెమరీ వైపు చూడాలి. 292 ఉంటే హార్డ్‌వేర్ తనంతట తనే తప్పు ఒప్పుకుందన్నమాట. నీలం తెర కోడ్‌లుగా ఇవే నంబర్లను 0x116, 0x1A, 0x124 అని వేరే లెక్కలో రాస్తారు కాబట్టి చాలామందికి పోలిక దొరకదు. ఇక అక్కడ సున్నా ఉంటే విండోస్‌కు నోరు తెరిచే వ్యవధి కూడా దొరకలేదని. ఆ క్షణంలో కరెంటైనా తెగి ఉండాలి, ప్రాసెసర్ లాంటిదైనా ఉన్నపళంగా గడ్డకట్టుకుపోయి ఉండాలి. సున్నా పక్కనే 'వీయా-లాగర్ 18' అన్న నమోదు కూడా ఉంటే రెండోదానికే మొగ్గు. అది లేకుండా ఉత్త సున్నాయే మళ్లీ మళ్లీ కనబడితే, అనంతపురంలో నేనైతే ముందు గోడ వైపు తిరుగుతాను.

గోడ అంటే ఒట్టి ప్లగ్గు కాదు, దాని వెనకున్న తీగ మొత్తం. ఈ జిల్లా కరెంటు కథలో ఒక వింత ఉంది. రామగిరి గుట్టల మీద 1990ల నుంచే గాలిమరలు తిరుగుతున్నాయి. ఉరవకొండ, వజ్రకరూరు వైపు ఇప్పుడు ఎటు చూసినా అవే. ఎన్‌పీ కుంటలో ఎండను కరెంటు చేసే పెద్ద సోలార్ పార్కు వచ్చింది (2022 ఏప్రిల్‌లో జిల్లా విడిపోయాక రామగిరి, ఎన్‌పీ కుంట శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయాయి). 2013 డిసెంబర్ 31న రాయచూరు-షోలాపూర్ 765 కేవీ లైనుతో దక్షిణాది గ్రిడ్ దేశం గ్రిడ్‌తో ఒకటైంది. ఇంత జరిగినా ఇంటి ప్లగ్గులో వోల్టేజీని తేల్చేది గ్రిడ్ కాదు, వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మీటరు దాకా వచ్చే ఆఖరి తీగ. 1956 నాటి విద్యుత్ నియమాల నుంచి వస్తున్న లెక్క ప్రకారం ఇళ్లకిచ్చే వోల్టేజీ చెప్పినదానికి 6 శాతం కంటే అటూ ఇటూ పోకూడదు. 230కి ఆ లెక్క కడితే 216 నుంచి 244. పొడుగాటి లైనుకు చిట్టచివర ఉన్న పల్లెలో, ఎండాకాలం కూలర్లు, ఏసీలు ఒక్కసారిగా ఆనయ్యే వేళ, వోల్ట్‌మీటరు 180 చూపిస్తే అక్కడ ఎవరూ ఆశ్చర్యపోరు.

దీంట్లో కరువుకూ పాలుంది. వానలు తగ్గితే బోరు లోతవుతుంది. లోతు పెరిగేకొద్దీ మోటారు హెచ్‌పీ పెంచాలి. పెద్ద మోటారు నేరుగా స్టార్టయితే ఆ క్షణంలో మామూలుగా తీసుకునే కరెంటుకు అయిదారు రెట్లు లాగుతుంది. వ్యవసాయ ఫీడర్‌ను ఊరి ఫీడర్ నుంచి వేరు చేసిన చోట కూడా రెండూ వెళ్లి పడేది ఒకే సబ్‌స్టేషన్ ట్రాన్స్‌ఫార్మర్ మీదే. పైరుకు త్రీఫేజ్ కరెంటు వదిలే వేళ ఆటో స్టార్టర్లు పెట్టిన మోటార్లన్నీ ఒక్కుమ్మడిగా లేస్తే, ఊళ్లో బల్బు ఒక్కసారి గుడ్డిదై మళ్లీ వెలుగుతుంది. ఆ రెప్పపాటు చాలు.

ఎందుకు చాలంటే, ఎస్‌ఎంపీఎస్ లోపల ఒక లావాటి కెపాసిటర్ ఉంటుంది. గోడ కరెంటు తెగినా కొన్ని మిల్లీసెకన్ల పాటు కంప్యూటర్‌ను మోసేది అదే, చిన్న ఓవర్‌హెడ్ ట్యాంకు లాగా. ఇంటెల్ 1995లో తెచ్చిన ఏటీఎక్స్ ప్రమాణం తర్వాతి రూపాల్లో కొన్నింటిలో ఈ ఓపిక పూర్తి లోడు మీద కనీసం 16 మిల్లీసెకన్లు ఉండాలన్నారు. మన 50 హెర్ట్జ్ కరెంటులో ఒక్క ఆవర్తనం 20 మిల్లీసెకన్లు. అంటే నిబంధన ప్రకారం చేసిన సరుకు కూడా పూర్తి లోడులో ఒక్క ఆవర్తనం పోతే తట్టుకుంటుందన్న హామీ లేదు. లోడు తక్కువైతే అదే ట్యాంకు ఎక్కువసేపు వస్తుంది. 80 వాట్ల బ్రౌజింగ్‌లో 80 మిల్లీసెకన్లు నిలిచేది 400 వాట్ల గేమ్‌లో 16కే అయిపోతుంది. బ్రౌజింగ్‌లో ఏమీ కాలేదంటే కరెంటు బాగున్నట్టు కాదు. అప్పుడూ కరెంటు తెగి ఉండొచ్చు, మీకు తెలియలేదంతే.

చవక ఎస్‌ఎంపీఎస్ అయితే పరిస్థితి ఇంకా అన్యాయం. యాక్టివ్ పీఎఫ్‌సీ (పవర్ ఫ్యాక్టర్‌ను సరిచేసే సర్క్యూట్) ఉన్న మంచి సరుకు బయట వోల్టేజీ తగ్గినా లోపలి కెపాసిటర్‌ను ఒకే మట్టంలో నింపి ఉంచుతుంది. అది లేని దాంట్లో బయట 180 ఉంటే లోపలా ఆ మేరకే. కెపాసిటర్‌లో నిలవుండే శక్తి వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, 230 దగ్గర ఉండేదాంట్లో 180 దగ్గర 61 శాతమే మిగులుతుంది. పనికొచ్చేది అంతకంటే తక్కువ. అందుకే అదే కంప్యూటర్ బెంగళూరులో అన్నయ్య గదిలో భేషుగ్గా నడిచి, కళ్యాణదుర్గం తెచ్చాక మొరాయిస్తుంది. అన్నయ్య అబద్ధమాడలేదు, షాపువాడు మోసం చేయలేదు.

"మాకు యూపీఎస్ ఉంది కదా" అంటారు. ఉంది, కానీ ఎంతది? ఇళ్లలో ఎక్కువగా కనిపించే 600 వీఏ యూపీఎస్ మోయగలిగేది చాలా మోడళ్లలో 360 వాట్లే. వీఏ అంకెనే వాట్లనుకుని కొనడం మన బజారులో మామూలు. గేమ్‌లో కంప్యూటర్, మానిటర్ కలిసి 400 లాగుతున్న సమయంలో వోల్టేజీ పడిపోతే యూపీఎస్ బ్యాటరీ మీదికి మారుతుంది, మారగానే బరువు మొయ్యలేక కీచుమని ఆపేస్తుంది. యూపీఎస్ లేకపోతే ఒకవేళ గట్టెక్కేదేమో, ఉండటం వల్లే ఆరిపోయిన సందర్భాలున్నాయి. గేమ్ ఆడుతూ యూపీఎస్ దగ్గర చెవి పెట్టండి. రిలే 'టక్' మన్న మరుక్షణం కంప్యూటర్ పోతే దొంగ దొరికినట్టే. ఒకే ఒక పరీక్ష చేసే ఓపిక ఉందనేవాళ్లకు నేను చెప్పేది ఇదే. రెండేళ్లు దాటిన బ్యాటరీ అయితే అంకెల లెక్క కూడా అక్కర్లేదు, ముందు దాన్ని అనుమానించాలి.

ఇంటి మొత్తానికి పెట్టే ఇన్వర్టర్‌ది మరో కథ. చాలావాటికి వెనక ఒక చిన్న స్విచ్చు ఉంటుంది, ఒక వైపు యూపీఎస్, ఇంకో వైపు మామూలు మోడ్. యూపీఎస్ వైపు పెడితే కరెంటు పోయినప్పుడు త్వరగా మారుతుంది, సుమారు 10 నుంచి 20 మిల్లీసెకన్లలో. మామూలు మోడ్‌లో అంతకంటే ఆలస్యం. ఫ్యాన్లకు, లైట్లకు తేడా తెలియదు, గేమ్‌లో ఉన్న కంప్యూటర్‌కు తెలుస్తుంది. మరి అందరూ యూపీఎస్ వైపే పెట్టొచ్చు కదా? ఆ మోడ్‌లో వోల్టేజీ 180 దరిదాపులకు దిగగానే ఇన్వర్టర్ బ్యాటరీ మీదికి పోతుంది. లో వోల్టేజీ ఊళ్లో రోజంతా అదే పని, బ్యాటరీ త్వరగా చస్తుంది. అందుకే మన ఎలక్ట్రీషియన్లు స్విచ్చును మామూలు మోడ్ వైపు తోసి వెళ్తారు. వాళ్ల లెక్కలో వాళ్లు రైటే. ఇల్లంతటికీ మామూలు మోడే ఉంచి, కంప్యూటర్‌కు మాత్రం చాలినంత వాట్లున్న యూపీఎస్ విడిగా పెట్టుకోవడం మేలు. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్‌తో కొన్ని యాక్టివ్ పీఎఫ్‌సీ ఎస్‌ఎంపీఎస్‌లకు పడదన్న సంగతి కూడా కొనేముందు గుర్తుంచుకోవాలి. వోల్టేజీ పొద్దస్తమానం తక్కువగానే ఉండే ఇంట్లో స్టెబిలైజర్ పనికొస్తుంది గానీ, రెప్పపాటు అంతరాయాలకు అది మందు కాదు.

ఇక ఎస్‌ఎంపీఎస్ వాదం. గేమర్లలో దీనికున్న పలుకుబడి ఊరికే రాలేదు. డబ్బా మీద 450 వాట్స్ అని పెద్ద అక్షరాలుంటాయి. పక్కనున్న చిన్న పట్టికలో 12 వోల్టుల గడి చూడాలి. అక్కడ 14 ఆంప్స్ అని ఉంటే అది ఇచ్చేది 168 వాట్లే. గ్రాఫిక్స్ కార్డు, ప్రాసెసర్ రెండూ తినేది ఆ 12 వోల్టుల నుంచే. పైగా డబ్బా మీది అంకె ఏ వేడి దగ్గర కొలిచారన్నది ఎవరూ అడగరు. మంచివాటిని 40, 50 డిగ్రీల దగ్గర కొలుస్తారు, చవకవి 25 దగ్గర. మే నెలలో అనంతపురం గదిలో, అందులోనూ క్యాబినెట్ లోపల, 25 అన్నది ఊహకే అందదు.

2020 తర్వాత ఈ వాదానికి కొత్త బలం వచ్చింది. ఆ సెప్టెంబర్‌లో 320 వాట్ల ఆర్‌టీఎక్స్ 3080 వచ్చినప్పుడు, సగటున లెక్కకు సరిపోయే ఎస్‌ఎంపీఎస్‌లు కూడా గేమ్ మధ్యలో ఆగిపోవడం ప్రపంచమంతా చూసింది. కార్డు మిల్లీసెకను కన్నా తక్కువ కాలం పాటు తన అంకెకు చాలా మించి లాగుతోంది, రక్షణ సర్క్యూట్ దాన్ని షార్ట్ అనుకుని కరెంటు తెంపుతోంది. 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0లో ఈ ఎగసిపాట్లను లెక్కలోకి తీసుకున్నారు, 100 మైక్రోసెకన్ల పాటు రెండింతల లోడును తట్టుకోవాలన్నారు. ఇక్కడ ఒక గుర్తు పనికొస్తుంది. రక్షణ సర్క్యూట్ తెంపితే సాధారణంగా కంప్యూటర్ చచ్చినట్టు పడి ఉంటుంది, వెనక స్విచ్చు ఆపి మళ్లీ వేస్తే గానీ లేవదు. తనంతట తనే వెంటనే లేచి కూర్చుంటే, క్షణకాలం వోల్టేజీ జారి మదర్‌బోర్డు రీసెట్ అయిందనుకోవాలి. బయాస్‌లో 'కరెంటు వస్తే ఆనవ్వు' అనే అమరిక పెట్టి ఉంటే మాత్రం ఈ గుర్తు మోసం చేస్తుంది. కొత్త ఎస్‌ఎంపీఎస్ కొనేముందు చూడాల్సింది ఇంకొకటుంది. కార్డుకు రెండు ప్లగ్గులుంటే రెండింటికీ ఒకే తీగ చివర్లు గుచ్చి ఉంటాయి చాలా ఇళ్లలో. విడివిడి తీగలు పెట్టి చూడండి, ఖర్చు లేని పని.

ఎర్తింగ్ దగ్గరికి వస్తే ఎలక్ట్రీషియన్ మాటను తేలిగ్గా తీసుకోలేం. ఎర్త్ పని చెయ్యాలంటే నేలలో తడి ఉండాలి. అనంతపురం నేల కింద నైస్, గ్రానైట్ రాయి, పైన పలచటి ఎర్రమట్టి. గుంత తీసి, బొగ్గూ ఉప్పూ పొరలుగా వేసి, గొట్టం దింపి, అప్పుడప్పుడు నీళ్లు పొయ్యాలన్నది ఎర్త్ పిట్ పద్ధతి. తాగే నీళ్లకే ట్యాంకరు కోసం చూసే చోట ఎర్త్ గుంతకు నీళ్లు పోసేదెవరు? వేసవికి ఆ గుంత ఎండి బీటలేస్తుంది, పేరుకే ఎర్తు. ఎర్త్ తెగిన క్యాబినెట్‌ను చేత్తో తాకితే జిల్లుమంటుంది. ఎస్‌ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ కెపాసిటర్లు క్యాబినెట్ రేకును గోడ వోల్టేజీలో సగానికి, అంటే 115 వోల్టుల దాకా, ఎత్తి పెడతాయి. కరెంటు స్వల్పమే అయినా దాని మీద కేబుల్ టీవీ తీగ, ప్రింటరు, యూఎస్‌బీ హెడ్‌సెట్ అన్నీ వచ్చి కలుస్తాయి. పొడిగాలి రోజుల్లో కుర్చీలోంచి లేస్తే తెర ఒక్క క్షణం నల్లబడటం, హెడ్‌సెట్ తాకగానే రీసెట్ కావడం లాంటివి స్థిరవిద్యుత్తు పనులే. ఇలాంటివి వింటే నవ్వుతారు గానీ, గ్యాస్ స్ప్రింగు కుర్చీల నుంచి పుట్టే విద్యుత్ తరంగాలు మానిటర్‌ను ఆర్పడం కొలిచి రుజువు చేసిన విషయమే.

అయితే నా అంచనా ఒకటి చెప్పాలి. ఎర్త్ లేకపోవడం ఒక్కటే రీస్టార్ట్‌కు కారణమైన సందర్భాలు తక్కువ. అంతకంటే ఎక్కువగా దొరికేది వదులైన న్యూట్రల్. స్తంభం మీద గానీ మీటరు దగ్గర గానీ న్యూట్రల్ జాయింటు తుప్పు పట్టి ఉంటే, పక్కింట్లో మిక్సీ వేసినా మీ వోల్టేజీ ఊగుతుంది. స్తంభం మీద పూర్తిగా తెగితే ఇంట్లోకి 300 పైన వచ్చి టీవీలు, ఫ్రిజ్‌లు కాలిపోవచ్చు. ఎర్త్‌ను బాగుచేయించుకోవాల్సింది గేమ్ కోసం కాదు, ప్రాణం కోసం. ఈ రెండూ మీరు చేతులు పెట్టే పనులు కావు, లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తో చూపించాలి.

వేడి గురించి ఇంతవరకు చెప్పకపోవడానికి కారణముంది. అందరూ మొదట చెప్పేది అదే, నాకేమో దాని మీద అంత అనుమానం లేదు. ఈనాటి ప్రాసెసర్లు వేడెక్కగానే పడిపోవు, వేగం తగ్గించుకుంటాయి. ఇంటెల్‌వి చాలావరకు 100 డిగ్రీల దగ్గర, రైజెన్ 5000లు, 7000లు మోడల్‌ను బట్టి 90, 95 ప్రాంతంలో. అంటే ముందు గేమ్ నత్తనడక నడుస్తుంది, ఫ్యాను రొద పెడుతుంది. అదీ దాటి పోతే కంప్యూటర్ ఆరిపోతుంది, ఆరిపోయి అలాగే ఉంటుంది. రీస్టార్ట్ అవుతోందంటే ప్రాసెసర్ వేడి కన్నా ముందు వేరేవి చూడాలి. కాకపోతే గది వేడి అన్నింటికీ తలా ఇంత భారం కలుపుతుంది. గది 25 డిగ్రీలున్నప్పుడు 75 దగ్గర నడిచే చిప్పు, గది 40కి చేరితే 90 దగ్గర నడుస్తుంది. పగలంతా కాగిన స్లాబు రాత్రి పదకొండైనా వేడి కక్కుతూనే ఉంటుంది, పిల్లలు గేమ్ పెట్టేది సరిగ్గా ఆ వేళకే. ఆ వేడిలో ముందు అలిసేది ఎస్‌ఎంపీఎస్, ప్రాసెసర్ చుట్టూ ఉండి దాని వోల్టేజీని సర్దే వీఆర్‌ఎం భాగాలు.

దుమ్ము సంగతి వేరు, దాన్ని నిర్లక్ష్యం చేస్తే క్షమించదు. గాలిమరలను తిప్పే ఆషాఢపు గాలే ఇళ్లలోకి ఎర్రమట్టిని మోసుకొస్తుంది. కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు హగరి నది ఇసుక దిబ్బలై పొలాల మీదికి జరుగుతున్న సంగతి తెలిసిందే, అక్కడి ఇళ్లలో కిటికీ గడప మీద వేలితో పేరు రాయొచ్చు. వేరుశనగ నూర్పిళ్ల వేళ ఆ పొట్టు కూడా తోడవుతుంది. దీనికి తోడు కూలర్. కూలర్ ముందు క్యాబినెట్ పెడితే చల్లగా ఉంటుందనుకుంటారు. ఉప్పునీళ్ల తుంపర దుమ్ముతో కలిసి ఫిన్ల మధ్య అట్టకడుతుంది, ఆరాక తెల్లటి పొరగా మిగులుతుంది. బ్లోయరుతో కూడా ఊడదు, బ్రష్షుతో గీకాలి. శుభ్రం చేసేటప్పుడు క్యాబినెట్‌ను బయటికి తెచ్చి, ఫ్యాను రెక్కను వేలితో పట్టుకుని బ్లోయరు పెట్టాలి, గిరగిరా తిరగనిస్తే బేరింగు పోతుంది. పంక్చర్ షాపు కంప్రెసర్‌తో కొట్టించేవాళ్లున్నారు. ఆ గాల్లో నీటి తుంపర ఉంటుంది, జోరు ఎక్కువ. వద్దు. ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం విప్పకూడదు, ప్లగ్గు తీసేశాక కూడా లోపలి కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా మిగిలి ఉండొచ్చు.

మెమరీ గురించి ఎక్కువ చెప్పేది లేదు. బయాస్‌లో మెమరీ వేగం పెంచే ఎక్స్‌ఎంపీ పెట్టి ఉంటే తీసేసి ఆడి చూడండి, మెమ్‌టెస్ట్86ను ఒక రాత్రి నడవనివ్వండి. ర్యామ్ పిన్నులను రబ్బరుతో రుద్దడం మన షాపుల పురాతన విద్య, నవ్వుకోనక్కర్లేదు, దుమ్ము ప్రాంతంలో అది చాలాసార్లు పనిచేస్తుంది. ఇంటెల్ 13, 14 తరం పెద్ద ప్రాసెసర్లున్నవాళ్లు మాత్రం ఒక సంగతి తప్పక చూసుకోవాలి. 2024 జులైలో కంపెనీయే లోపం ఒప్పుకుంది. అవి అవసరానికి మించి వోల్టేజీ అడిగి క్రమంగా తమను తామే పాడుచేసుకుంటున్నాయి. ఆగస్టులో ఒకటి, సెప్టెంబర్‌లో ఇంకొకటి మైక్రోకోడ్ సవరణలు వచ్చాయి, వారంటీని రెండేళ్లు పెంచారు. బయాస్ అప్‌డేట్ వేసుకోని యంత్రం మన షాపుల్లో ఇంకా కనిపిస్తుంది. ఒకసారి పాడైన చిప్పును అప్‌డేట్ బాగుచెయ్యదు, వారంటీలో మార్పించుకోవాల్సిందే. ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ ఉంటుంది కాబట్టి గోడ కథ వర్తించదు, దాంట్లో వేడిని, దుమ్మును ముందు చూడాలి.

ఏదైనా కొనేముందు చెయ్యాల్సిన పరీక్షలు మూడున్నాయి, దేనికీ డబ్బు అక్కర్లేదు. గేమ్‌లో ఫ్రేములను 60కి కట్టెయ్యండి, ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్‌లో కార్డు పవర్ లిమిట్‌ను 70 శాతానికి దించండి. రీస్టార్టులు ఆగిపోతే తప్పు విండోస్‌ది కాకపోవచ్చు, ఎక్కువ అనుమానం కరెంటు మీదో వేడి మీదో. ఆ తర్వాత యూపీఎస్‌ను పక్కనబెట్టి నేరుగా గోడకు పెట్టి ఒక సాయంత్రం ఆడండి. దాంతోనూ తేలకపోతే క్యాబినెట్‌ను వేరే ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న బంధువుల ఇంటికి తీసుకెళ్లి అదే గేమ్ నడపండి. అక్కడ రెండు మూడు గంటలు కదలకుండా ఆడితే, మీ కంప్యూటర్‌లో మార్చాల్సింది ఏమీ లేదు.

అప్పుడు మిగిలేది విద్యుత్ శాఖతో పని. రాష్ట్ర విభజన తర్వాత ఈ జిల్లా తిరుపతి కేంద్రంగా ఉన్న దక్షిణ డిస్కం (విద్యుత్ పంపిణీ సంస్థ) కిందికి వచ్చింది, ఫిర్యాదు నంబరు 1912. గేమ్ ఆగిపోతోందంటే ఎవరూ పట్టించుకోరు, ఆ మాట ఎత్తొద్దు. ప్లగ్గులో గుచ్చితే వోల్టేజీ చూపించే చిన్న మీటరు తెచ్చుకుని, పడిపోయిన ప్రతిసారీ తేదీ, వేళ, అంకె ఒక కాగితం మీద రాసుకోండి. రెప్పపాటు అంతరాయాలు ఆ మీటరుకు అందవు గానీ, లో వోల్టేజీ అందుతుంది. ఆ కాగితాన్ని ఈవెంట్ వ్యూయర్‌లోని వేళలతో పక్కపక్కన పెట్టి చూడండి. పొలాలకు త్రీఫేజ్ వదిలే వేళతో రెండూ కలుస్తుంటే లైనులో లోడెక్కువన్నమాట. ఏ వేళతోనూ కలవకుండా, గాలి వీచినప్పుడల్లా జరుగుతుంటే స్తంభం మీది జాయింటును చూడమని లైన్‌మన్‌కు చెప్పండి. వీధిలో ఇంకో నాలుగిళ్ల వాళ్లతో కలిసి రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు తీసుకోండి. ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యం పెంచడం లైన్‌మన్ చేతిలో ఉండదు, ఆ కాగితం ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) దగ్గరికి చేరాలి.